కడలి అడుగున కవిలెకట్ట

మా ఆలూర్ నుండి బంగాళాఖాతం సూటిగా కొలిచినా దాదాపు 400 కిలోమీటర్ల దూరం. సముద్రాన్ని కంటితో చూడకుండానే కన్నుమూసిన పెద్దలు మా ఊళ్ళో ఎందరో ఉన్నారు. పసుపు, ఎర్రజొన్న, మక్క, వరి, ఆర్మూర్ అంగడి, నిజామాబాద్ యార్డు - ఇదీ మా లోకం. అటువంటి ఊరివాడికి సముద్రం అడుగున పేరుకొన్న బురదతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. పని ఉన్నది. ఆ బురద గోదావరి మోసుకొనిపోయిన మన్ను. గోదావరి మోసే మన్ను గోదావరి గట్టున పుట్టదు. చేలల్లో, చెల్కల్లో, గుట్టల వాలుల్లో పుడుతుంది. మా వాగుల నీళ్ళూ చివరకు ఆ నదిలోనే కలుస్తాయి కనుక ఆ బురదలో మాకూ ఒక పాలు ఉన్నది.

పూర్వం ప్రతి ఊరికీ కరణమో పట్వారీయో ఉండి, ఏ భూమి ఎవరిది, ఏ ఏట ఏ పంట వేశారు, ఎంత శిస్తు కట్టారు అన్నది కవిలెలో ఎక్కించేవాడు. చెదలు తిన్నవి, వానకు తడిసినవి పోగా మిగిలిన కాగితాలతోనే మనం ఊళ్ళ చరిత్ర రాసుకొంటున్నాం. ఆ కాగితాలు మహా అయితే మూడు నాలుగు వందల ఏళ్ళ వెనుకకు పోతాయి. శాసనాలు పట్టుకొంటే రెండు వేల ఏళ్ళు. అంతకు ముందు దక్కను మీద చెట్టెంత, చేనెంత, వానెంత అన్నది రాసిపెట్టిన కరణం లేడనుకొంటాం. ఉన్నాడు. ఆ కరణం గోదావరి. ఆ కవిలెకట్ట సముద్రగర్భంలో భద్రంగా ఉన్నది. గ్యాసు కోసం వెతుకబోయినవారి చేతికి అది దొరికింది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచుకొన్నాను.

శాస్త్రగ్రంథాలు ఈ పదార్థాన్ని అవక్షేపం అంటాయి. 'క్షేపము' అంటే వేయుట, విసరుట. 'అవ' అనే ఉపసర్గ చేరి క్రిందికి వేయబడినది అన్న అర్థం వచ్చింది. పదం నిర్దుష్టమైనదే కాని రైతు నోట పలుకదు. రైతు దగ్గర ఇంతకంటె పదునైన మాటలున్నాయి. ఏరు పొంగి ఒడ్డున వదిలిపోయినది ఒండ్రు. ఇసుక తిన్నెగా పడితే మేట. చెరువు అడుగున చేరి లోతు తగ్గించేది పూడిక. వరిమడిలో మోకాటి దాకా దిగబడేది అడుసు. ఒకే మట్టికి అది ఉన్న చోటునుబట్టి, చేసే మేలు కీడులనుబట్టి ఇన్ని పేర్లు పెట్టిన జాతికి అవక్షేపశాస్త్రం కొత్త విద్య కాదు.

ఆ శాస్త్రానికి మూలసూత్రం కూడా మన చెరువులోనే ఉన్నది. వాగు చెరువులో కలిసే చోట మొరం, గరుకు ఇసుక పడతాయి. కొంచెం లోపల సన్న ఇసుక. నీరు కదలకుండా నిలిచే చోట వెన్నలాంటి మెత్తటి మట్టి. నీటి వేగం తగ్గే కొద్దీ ముందు బరువైనది, తరువాత తేలికైనది దిగుతుంది. పసుపు చేనుకు చెరువు మట్టి తోలుకొనే రైతుకు ఏ చోటి మట్టి ఎటువంటిదో ఒకరు చెప్పనక్కరలేదు. సముద్రంలోనూ ఇదే న్యాయం. నది మోసుకొచ్చిన ఇసుకలో ఎక్కువ భాగం మొగ దగ్గరా, తీరం వెంటా పడిపోతుంది. సన్నని మట్టి ఖండతీరపు అంచును దాటి, ఖండతీరపు వాలు మీదికి జారి, వెయ్యి మీటర్లకు పైబడిన లోతున చీకటిలో మెల్లగా దిగుతుంది. అక్కడ అలల అలజడి లేదు. ఏడాది మీద ఏడాది, పొర మీద పొర. అందుకే ఆ చోటు దఫ్తరానికి తగిన చోటు.

ఈ దఫ్తరంలో అక్షరాలు ఏమిటో తెలియాలంటే ముందుగా మన రాళ్ళ సంగతి తెలియాలి. ఆర్మూర్ సిద్ధుల గుట్ట మీద ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే బండలు గ్రానైటు జాతివి. ఈ జాతి శిలల వయస్సు ఇంచుమించు 250 కోట్ల ఏళ్ళు. ఇక్కడి నుండి పడమరగా బోధన్ దాటి బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ దిక్కు పోతే రాయి మారిపోతుంది. అది నల్లని బసాల్టు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రిందట దక్కను నేల చీలి పొంగిన లావా గట్టిపడి ఏర్పడిన రాయి. అది శిథిలమైతే నల్లరేగడి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి ఈ నల్లరాతి నేల మీదనే నాందేడ్ దాటి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని మన జిల్లాలో ప్రవేశిస్తుంది. అక్కడి నుండి దిగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చే నీళ్ళలో పురాతన శిలల మన్ను ఎక్కువ. 1,465 కిలోమీటర్ల నదిలో ఈ రెండు రకాల మట్టీ కలిసి ప్రవహిస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరపడుతుంది.

ఇక్కడ ఒక వింత చెప్పకుండా ఉండలేను. నది కంటె ముందు ఆ దారిన సముద్రానికి పోయినది లావా. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి కనిపిస్తుంది. చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర అటువంటి రాయి లేదు. దాని రసాయన స్వభావాన్నీ, వయస్సునూ, అయస్కాంత దిశనూ పరీక్షించిన శాస్త్రజ్ఞులు అది పడమటి దక్కనులో పొంగిన లావాయేనని, ప్రాచీన నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి అక్కడికి చేరిందని 2008లో నిర్ధారించారు. భూమి మీద మనకు తెలిసిన అత్యంత దీర్ఘమైన లావా ప్రవాహాలలో అది ఒకటి. ఆ రాతి పొరల నడుమ సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలున్నాయి. నిప్పు ప్రవాహం అప్పటి సముద్రపు ఒడ్డుకు చేరిందనటానికి అవే సాక్ష్యం.

సముద్రం వైపు నుండి ఈ కథను మొదట చదివినవారిలో ఒక ఆచార్యుని పేరు మనం మరచిపోకూడదు. కలమూర్ మహదేవన్ (1901-1962) సి.వి. రామన్ శిష్యుడు. కొంతకాలం మన హైదరాబాదు రాజ్యపు భూగర్భ శాఖలో పనిచేసి, పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రాచార్యుడైనాడు. 1952లో అమెరికా నుండి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రవేత్త విశాఖపట్నం వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి భారత నౌకాదళపు ఓడల మీద విద్యార్థులను తీసుకొనిపోయి, తూర్పు తీరపు నీళ్ళనూ అడుగు మట్టినీ పరీక్షించారు. స్వాతంత్ర్యం వచ్చి ఎంతో కాలం కాలేదు. చేతిలో ఉన్న పరికరాలు కొద్ది. అయినా మన తీరానికి ఎదురుగా ఏ లోతున ఇసుక ఉన్నది, ఏ లోతున బంకమట్టి ఉన్నది అన్న పరిజ్ఞానానికి పునాది అక్కడే పడింది. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రలో భాగంగా 1963లో ఆంటన్ బ్రూన్ అనే ఓడ మన తీరం వెంట తిరిగినప్పుడు సముద్రగర్భంలో మూడు లోయలు కనిపించాయి. లాఫాండ్ వాటిని ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లతో లోకానికి చెప్పాడు. అప్పటికి మహదేవన్ గతించి ఏడాది అయింది. భూమి మీద విగ్రహాలు ఎందరికో ఉన్నాయి. కడలి అడుగున ఒక లోయకే పేరైన ఆచార్యులు ఎందరున్నారు?

ఈ లోయలు అలంకారానికి ఉన్నవి కావు. వరదకాలంలోనో, వాలు మీద మట్టి జారినప్పుడో, ఇసుకతో నిండిన నీరు ఈ దారుల వెంట లోతుకు పరుగెత్తుతుంది. అంటే మామూలుగా తీరం దగ్గర ఆగిపోవలసిన ఇసుక కూడా సముద్రగర్భపు కాలువల వెంట అడుగుకు చేరి, అక్కడ మేటలు వేస్తుంది. ఆ మేటల మీద తరువాతి కాలపు బంకమట్టి కప్పుకొంటుంది. ఇసుకకు రంధ్రాలున్నాయి, బంకమట్టికి లేవు. క్రింద ఆకులు, నాచు, జీవుల అవశేషాలు కుళ్ళి వాయువు పుడితే అది పైకి లేచి ఇసుకలో చేరుతుంది. పైనున్న బంకమట్టి దానిని కదలనివ్వదు. మన ఇళ్ళల్లో పసుపు కొమ్ములు దాచే జాడీకి మూత ఎటువంటిదో దీనికి ఆ బంకమట్టి అటువంటిది. చమురు, గ్యాసు ఉండాలంటే కావలసినవి ఇవే: కుళ్ళే పదార్థం, దాచే ఇసుక, మూసే మట్టి, కోట్ల ఏళ్ళ ఓపిక. నాలుగింటినీ గోదావరి సమకూర్చింది.

కృష్ణా గోదావరి బేసిన్ అని పత్రికల్లో చదివే ప్రాంతం దాదాపు 13 కోట్ల ఏళ్ళ క్రిందట మన దేశం అంటార్కిటికా ఖండం నుండి విడివడినప్పుడు ఏర్పడిన పల్లం. అంతకు ముందే సింగరేణి బొగ్గు ఏర్పడిన పొడవాటి లోయ ఒకటి గోదావరి వెంట ఆగ్నేయంగా సాగి, ఈ పల్లం క్రిందికి దూరిపోయింది. మండపేట దగ్గర భూమి లోతున దొరికిన గ్యాసుకు మూలం ఆ కాలపు బొగ్గు పొరలేనని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. రామగుండంలో మండే బొగ్గూ, మండపేట గ్యాసూ జ్ఞాతులన్నమాట. తెలంగాణా కోస్తాల చుట్టరికం ఇంత పాతది!

1978లో నరసాపురం దగ్గర చమురు సహజవాయు సంస్థ లోతైన బావి తవ్వటంతో అన్వేషణ ఊపందుకొన్నది. తరువాత రాజోలు, పాశర్లపూడి, మండపేట. 1987లో సురాసానియానం ఎదుట సముద్రంలో రవ్వ క్షేత్రం బయటపడింది. 2002లో తీరానికి దూరంగా, లోతు నీళ్ళలో రిలయన్స్ సంస్థకు డి6 నిక్షేపం దొరికింది. దేశమంతా ఆ పేరు మారుమ్రోగింది. నదీకాలువల ఇసుక మేటలే అక్కడ గ్యాసుకు ఆశ్రయం. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, మరుసటి ఏడు రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లను మించింది. పిమ్మట అంతే వేగంగా పడిపోయింది. అంచనా వేసిన నిల్వకూ, వచ్చిన దానికీ పొంతన కుదరలేదు. తొలి రెండు క్షేత్రాలూ 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఆ ఏడు డిసెంబరులో ఆ పక్కనే మరొక క్షేత్రం తెరచుకొన్నది. చమురు సహజవాయు సంస్థ తన లోతునీటి క్షేత్రం నుండి తొలి చమురును 2024 జనవరిలో తీసింది. సముద్రగర్భపు సంపద మన రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం కేంద్రానికి చెందుతుంది. మా మన్నులో పుట్టింది కనుక మాకు వాటా ఇవ్వమని నేను అడగటం లేదు!

క్షీరసాగరమథనంలో అమృతం కంటె ముందు పుట్టినది హాలాహలం. ఇక్కడా అటువంటిది జరిగింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి అదుపు తప్పి అంటుకొన్నది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. కోనసీమ కొబ్బరితోటల నడుమ ఆ రెండు నెలలు రాత్రి అన్నది లేకపోయింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పగిలి, వేకువన నిద్రలో ఉన్నవారు కాలిపోయారు. సముద్రపు నిధుల గురించి రాసేవారు ఈ రెండు తేదీలనూ దాటవేయరాదు.

ఇక మండే మంచు సంగతి. సముద్రపు లోతున చలి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ. అటువంటి చోట మీథేన్ వాయువు నీటితో కలిసి మంచుగడ్డ వలె గట్టిపడుతుంది. ఒక ఘనపు మీటరు గడ్డలో 160 ఘనపు మీటర్లకు పైగా వాయువు దాగి ఉంటుంది. అగ్గిపుల్ల గీస్తే ఆ మంచు మండుతుంది. దీనిని వెతకటానికి 2006లో ఏప్రిల్ నుండి ఆగస్టు దాకా జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన దేశపు సముద్రాలలో 113 దినాలు తిరిగి 21 చోట్ల తవ్వింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఒకచోట బంకమట్టి పగుళ్ళలో దాదాపు 130 మీటర్ల మందాన ఈ గడ్డలు పరచుకొని ఉన్నాయి. 2015లో జపాను వారి చిక్యు ఓడ వచ్చి, ఇసుక పొరల్లోనూ వాటిని గుర్తించింది. వాటిని వాణిజ్యపరంగా వెలికితీసే పని ఇంకా సాధ్యపడలేదు.

ఈ విషయం చెప్పగానే "బడబాగ్ని అని మనవాళ్ళు ఏనాడో చెప్పలేదా?" అనేవారు ఉంటారు. భృగువంశీయుడైన ఔర్వుని కోపాగ్ని సముద్రంలో విడువబడి, ఆడుగుర్రపు ముఖంతో నీళ్ళను త్రాగుతున్నదన్న కథ అందమైనదే. ఎన్ని నదులు కలిసినా సముద్రం ఎందుకు పొంగదన్న ప్రశ్నకు ఒక కవి హృదయం చెప్పుకొన్న సమాధానం అది. దానిని మీథేన్ శాస్త్రంగా మార్చటం కవిత్వానికీ న్యాయం కాదు, శాస్త్రానికీ న్యాయం కాదు. జీవితమంతా కావ్యాలు పాఠం చెప్పినవాడిగా ఈ మాట అనే అధికారం నాకు ఉన్నదనుకొంటాను.

అసలు నిధి వేరే చోట బయటపడింది. ఆ 2006 యాత్రలోనే గోదావరి మొగకు దాదాపు 40 కిలోమీటర్ల దూరాన, 1,268 మీటర్ల లోతున ఒక మట్టి స్తంభాన్ని పైకి తీశారు. ఎనిమిదిన్నర మీటర్ల పొడవు. దానికి 16ఎ అని సంఖ్య. వెతికిన గడ్డల దృష్టితో చూస్తే అది సాదా బురద. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన కామిలో పాంటన్, లివియు జోసాన్ మొదలైనవారు దానిని చదివారు. అందులో ఉన్నది 11,000 ఏళ్ళ గోదావరి చరిత్ర. సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరైనా లేని పొరలు. ఆవగింజకంటె చిన్నవైన సముద్రజీవుల గుల్లలను ఏరి, కార్బన్ పరీక్షతో ఏ పొర ఏ కాలానిదో తేల్చారు.

చదివిన తీరు ముచ్చటైనది. ఆకుల మీద మెరిసే మైనపు పూత ఉంటుంది. ఆకు కుళ్ళినా మైనం త్వరగా కుళ్ళదు. మట్టితోపాటు నదిలో పడి సముద్రం చేరుతుంది. చెట్లు, వరి, పసుపు ఒక జట్టు. జొన్న, సజ్జ, మక్క, ఉష్ణదేశపు పచ్చిక గడ్డి మరొక జట్టు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఈ రెండు జట్లూ వేర్వేరు పద్ధతుల్లో పీల్చుకొంటాయి కనుక వాటి మైనంలో కార్బన్ రకాల పాళ్ళు వేరుగా ఉంటాయి. మైనాన్ని తూచి, నది పరీవాహకంలో అప్పుడు అడవి ఎక్కువో గడ్డి ఎక్కువో చెప్పవచ్చు. మన ఎర్రజొన్న చేను తన సంతకాన్ని సముద్రంలో పెడుతున్నదంటే ఎవరైనా నమ్ముతారా?

ఇక మట్టి ఎక్కడిదో చెప్పేది నియోడిమియం అనే లోహం. పురాతన గ్రానైటులో దాని రకాల పాళ్ళు ఒక విధంగా, చిన్న వయస్సు గల బసాల్టులో మరొక విధంగా ఉంటాయి. గుర్తుంచుకొమ్మని పైన చెప్పినది ఇందుకే. సిద్ధుల గుట్ట జాతి మట్టి ఎంత, నల్లరేగడి ఎంత అని పొర పొరకూ లెక్క కట్టవచ్చు.

లెక్క ఏమని తేలింది? నాలుగు వేల ఏళ్ళ క్రిందటి వరకూ మధ్య భారతంలో వానలు మెండు, చెట్టూ చేమా మెండు. అప్పటి నుండి 1,700 ఏళ్ళ క్రిందటి దాకా వానకాలం క్రమంగా బలహీనపడి, కరువును తట్టుకొనే గడ్డిజాతులు ప్రబలాయి. వాన తగ్గితే నది మోసే మన్ను కూడా తగ్గాలి గదా అనుకొంటాం. జరిగినది దానికి విరుద్ధం. వాన తగ్గిన కాలంలోనే సముద్రానికి చేరిన మన్ను పెరిగింది. అందులోనూ నల్లరేగడి పాలు పెరిగింది. పైగా మట్టితో వచ్చిన సేంద్రియ పదార్థం అప్పుడప్పుడే రాలిన ఆకులది కాదు. నేలలో ఎన్నో ఏళ్ళుగా నిలువ ఉన్న పాతది. అంటే పైపొర లేచిపోయి, నేల లోపలి పొరలు కోతపడ్డాయి.

కారణం ఆలోచిస్తే సుబోధమే. చెట్టున్న నేల మీద పడిన వాన ఆకు మీద పడి, రెమ్మ మీదుగా జారి, వేరు ప్రక్కన ఇంకుతుంది. ఎండిన బోడినేల మీద ఆరు నెలలకొకసారి కుండపోతగా పడిన వాన మట్టిని పెళ్ళగించుకొని పోతుంది. వాన మొత్తం తగ్గినా, పడినప్పుడు కొట్టే దెబ్బ తగ్గదు. ఆ బోడినేలను మనిషి నాగలి మరింత వదులు చేసింది. గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున దైమాబాద్ వంటి తామ్రశిలాయుగపు పల్లెలు వెలసినది ఈ నాలుగు వేల ఏళ్ళలోనే. తరువాత ఇనుము వచ్చింది. తెలంగాణాలో రాకాసి గుళ్ళని మన ప్రజలు పిలిచే బృహత్ శిలా సమాధులు ఆ ఇనుపయుగం వారివి. ఇనుప కర్రు నల్లరేగడిలో దిగింది. ఇనుము కరిగించటానికి బొగ్గు కోసం చెట్టు కూలింది. మా జిల్లాలోని కోనసముద్రం ఉక్కు తరువాతి శతాబ్దాలలో డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిందని గర్వపడతాం. ఆ కొలుములు తిన్న అడవి ఎంతో ఏ తామ్రశాసనమూ చెప్పదు.

కోత మొదలుపెట్టినది వాతావరణం. దానిని పెంచినది సేద్యం. పరిశోధకుల తీర్పు ఇది. అప్పటి రైతును నిందించవలసిన పని లేదు. వానలు వెనుకబట్టిన నేల మీద గింజ పండించి మనల్ని ఈ దాకా తెచ్చినవాడు అతడే. పైగా మనం పోగొట్టుకొన్నది దిగువవారికి దక్కింది. గోదావరి డెల్టా సముద్రంలోకి చొచ్చుకొనిపోయినది ఈ మన్నుతోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర నీళ్ళిచ్చిన పొలాల మట్టి అంతకు వేల ఏళ్ళ ముందే ఎగువ నుండి దిగివచ్చింది. కాకినాడ ఎదుట ఈనాడు కనిపించే హోప్ ఐలాండ్ రెండు వందల ఏళ్ళ క్రిందట లేదు. ఓడలతో కళకళలాడిన కోరంగి రేవు 1839 తుఫానులో నాశనమైనా, దానిని మళ్ళీ లేవకుండా చేసినది పూడిక.

ఇప్పుడు కథ మరొక మలుపు తిరిగింది. మాకు పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరాన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ఉన్నది. 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట కట్టిన లెక్క 112 టీఎంసీలు. 1994 సర్వేలో 90కి దిగింది. ఇటీవలి లెక్కలో 80.5. అంటే అర్ధశతాబ్దంలో 31 టీఎంసీలకు పైగా నీరుండవలసిన చోట మట్టి ఉన్నది. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు కనుక ఆ మట్టి దాదాపు 89 కోట్ల ఘనపు మీటర్లు. ట్రాక్టరు డబ్బాకు మూడు ఘనపు మీటర్ల చొప్పున తోలినా 30 కోట్ల డబ్బాలు! దీనికి ఎగువన జాయక్‌వాడి, మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉన్నాయి. వాటిలోనూ పూడికే.

ఎగువన ఆగినది దిగువన చేరదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు గార్లు 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం గోదావరి మోసే మన్ను 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నులు. 1990లలో అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976 నుండి 2001 లోపల డెల్టా అంచున 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేల సముద్రంలో కలిసింది. వేల ఏళ్ళు పెరిగిన భూమి మన కళ్ళముందే వెనుకకు నడుస్తున్నది. డెల్టా మట్టికి తన బరువుకు తాను క్రుంగే స్వభావం ఉన్నది. ఏటా కొత్త ఒండ్రు పడితేనే ఆ లోటు పూడుతుంది.

మన పొలాల కోత ఆగి మన్ను తగ్గి ఉంటే సంతోషించవలసినదే. కాని కోత ఆగలేదు. మన్ను నడుమ ఆగింది. పైవాడికి చేను పలుచనైంది, నడిమివాడికి జలాశయం పూడింది, క్రిందివాడికి తీరం కోసుకుపోతున్నది. ముగ్గురూ నష్టపోయే బేరం ఇది.

ప్రాజెక్టులు వద్దని నేననటం లేదు. శ్రీరాంసాగర్ నీళ్ళు లేని నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలను నేను ఎరుగుదును. ఆ కరువు మళ్ళీ ఎవరూ కోరరు. నేను చెప్పేది కవిలెలో రాసి ఉన్న ఒక్క మాట: వానకు నేలను కోసే శక్తి నేల మీది కప్పును బట్టి వస్తుంది. నాలుగు వేల ఏళ్ళ క్రిందట వానలు తగ్గినప్పుడు ఆ మాట రుజువైంది. ఇప్పుడు వానలు తీరు మారి, నెల వాన ఒక్కరోజే కురిసే రోజులు వస్తున్నాయి. కప్పు లేని నేల దానికి తట్టుకోలేదు. గట్ల మీద చెట్టు, వాలుకు అడ్డంగా దుక్కి, వాగులకు చిన్న అడ్డుకట్టలు, ఎండకాలంలో చెరువు పూడిక తీసి తిరిగి చేనుకు తోలటం - ఇవేవీ కొత్తవి కావు. 2015లో మిషన్ కాకతీయ పేరున చెరువుల పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లు వరుసకట్టి చేలకు మట్టి తోలిన దృశ్యం తెలంగాణాలో చాలామంది చూసే ఉంటారు. పోయిన మన్ను సముద్రం చేరకముందే వెనుకకు తెచ్చుకొనే పని అది. ఒక్క ఏడుతో తీరేది కాదు.

నేను బడిలో 'రత్నాకరము' అన్న పదానికి రత్నములకు నిలయమైనది అని వ్యుత్పత్తి చెప్పేవాడిని. ఆ అర్థం ఇప్పటికీ చెల్లుతుంది. డి6 గ్యాసు పుష్కరకాలం తిరగకముందే తరిగిపోయింది. మండే మంచు ఏనాటికి చేతికి వస్తుందో చూడాలి. ఎనిమిదిన్నర మీటర్ల ఆ బురద మాత్రం ఇప్పటికే చేతికి వచ్చింది, చదివి వినిపించింది కూడా. నాందేడు దిక్కు చుట్టాలున్నవారూ, కోనసీమ మిత్రులూ ఈ వానకాలం తమ ఊరి దగ్గర గోదావరి నీటి రంగును ఒకసారి గమనించండి. నల్లగా ఉన్నదా, ఎర్రగా ఉన్నదా, తేటగా ఉన్నదా? ఆ రంగు ఏ నేలదో, అది ఎక్కడ ఆగుతున్నదో తెలుసుకోవటానికి ఓడలూ యంత్రాలూ అక్కరలేదు.